బువ్వ నుంచి అన్నం దాకా: మన ఇళ్లలో చంటిపిల్లల తెలుగు

మాండలికం మాటలు ఏరేటప్పుడు మనం ఎక్కువగా సేద్యం మాటలు, చుట్టరికాల మాటలు, సామెతలు, పెళ్లి పాటలు రాసుకుంటాం. ఇంట్లో మూడేళ్ల బిడ్డతో పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పండుకునే దాకా మాట్లాడే మాటలు మాత్రం ఎవరూ రాయరు. బువ్వ, లాల, జేజి, బూచి, జోజో. ఇవి పసిబిడ్డల మాటలు కదా, వీటిలో చరిత్ర ఏముంటుంది అనుకుంటాం.

నా లెక్కలో, తెలుగు రాష్ట్రాల బయట తరాలుగా ఉంటున్న మనబోటి వాళ్లు ముందుగా రాసిపెట్టుకోవాల్సినవి ఇవే. గుంటూరులోనో వరంగల్లులోనో పుట్టిన బిడ్డకు తెలుగు ఇంట్లో కొంత, వీధిలో కొంత, బడిలో కొంత వస్తుంది. ఒకచోట తగ్గినా ఇంకోచోట పూడుతుంది. హోసూరులో, కోవిల్‌పట్టిలో, షోలాపూర్‌లో పుట్టిన చాలామంది బిడ్డలకు ఇంట్లో వచ్చిందే తెలుగు. అది కూడా బడికి పోకముందు, ఆ నాలుగైదేళ్లలో. (యానాం సంగతి వేరు, అక్కడ చుట్టూ గోదావరి జిల్లాల తెలుగే వినిపిస్తుంది.) అంటే మన తెలుగు ఒక తరం నుంచి ఇంకో తరానికి చేరేది గోరుముద్దల దగ్గర, నీళ్లు పోసే పీట దగ్గర, ఉయ్యాల దగ్గర.

మాది హోసూరు పక్క పల్లె. పాత పేరు చెప్పాలంటే మొరసునాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బెంగుళూరు బస్సెక్కితే కన్నడం. ఇంట్లో మా అమ్మ, మేమిద్దరం, ఆరేళ్ల కూతురు, మూడేళ్ల కొడుకు. కింద రాసిన ముచ్చట్లన్నీ ఈ రెండు మూడేళ్లలో మా ఇంట్లో జరిగినవే.

పసిమాటలు పిల్లలు చేసినవి కావు

ముందుగా ఒక అపోహ తీసేయాలి. బువ్వ అనే మాటను పిల్లలు కనిపెట్టలేదు. పెద్దవాళ్లే పిల్లల నోటికి తగినట్టు తయారుచేసి, తరాలుగా అందిస్తూ వస్తున్నారు. పిల్లలు సొంతంగా చేసే మాటలూ ఉంటాయి. మా చిన్నోడు ఏడాదిన్నర వయసులో స్కూటరును 'డుర్రు' అన్నాడు. నాలుగు నెలలు ఇల్లంతా డుర్రు అన్నాం. వాడికి స్కూటరు అనడం రాగానే డుర్రు పోయింది. బువ్వ అట్లా పోదు. మా అమ్మకు వాళ్ల అవ్వ చెప్పింది, మా అమ్మ నాకు చెప్పింది, ఇప్పుడు నా బిడ్డలకు చెప్తా ఉంది.

ఛార్లెస్ ఫెర్గూసన్ అనే భాషాశాస్త్రవేత్త 1964లో ఆరు భాషల పసిమాటలను పక్కపక్కన పెట్టి ఒక వ్యాసం రాశాడు. ఆ ఆరింటిలో మన పొరుగు మరాఠీ ఒకటి. ఆయన గమనించింది ఇదే: పసిమాటలు ఆ భాష పెద్దలు పాటించే ఒక స్థిరమైన వాడుక. ఒక భాషలో పుట్టి పెరిగిన పెద్దలందరికీ ఇంచుమించు అవే మాటలు తెలుసు. కాబట్టి మిగతా మాటలకు ఎట్లా చరిత్ర ఉంటుందో వీటికీ అట్లే ఉంటుంది.

వీటి తయారీకి ఒక పద్ధతి కూడా ఉంది. బువ్వ, లాల, బజ్జ, బొజ్జ, చిచ్చి, కక్క, జేజి, బూచి, పాప, తాత, జోజో. అన్నీ రెండక్షరాలవే. చాలావాటిలో హల్లు ఒత్తి పలుకుతాం, కొన్నిట్లో అదే అక్షరం రెండుసార్లు వస్తుంది. వత్తక్షరాలైన ఖ, ఘ, భలు రావు, ర రాదు. రెండు వేరువేరు హల్లులు కలిసిన అక్షరం ఒక్కటీ లేదు. 'స్నానం' అనే మాట తీసుకోండి. మొదటి అక్షరంలోనే రెండు హల్లులు ముడిపడి ఉన్నాయి, ఏడాది బిడ్డ నోరు తిరగదు. అందుకే దానికి 'లాల' ఉంది.

పెదవులతో పలికే ప, బ, మలు ఎక్కువగా రావడం మన ఒక్కరి గొప్ప కాదు. రెండు వేల ఏళ్ల కిందటి రోమన్ పండితుడు వర్రో, వాళ్ల పిల్లలు తిండిని 'పప్ప' అనీ తాగేదాన్ని 'బువ' అనీ అంటారని రాశాడు. దాన్ని పట్టుకుని లాటిన్‌కూ మనకూ చుట్టరికం కలపొద్దు. పళ్లు రాని నోటికి ఎక్కడైనా పెదవులే దిక్కు, అంతే సంగతి.

అన్నం దగ్గర

మా వైపు ముఖ్యమైన తిండి రాగి సంగటి. అయినా బిడ్డకు సంగటి పెట్టినా, వరి అన్నం పెట్టినా, పప్పు కలిపినా, పెరుగు కలిపినా అన్నీ బువ్వే. బువ్వ అంటే ఒక పదార్థం కాదు, అమ్మ చేత్తో నోట్లోకి వచ్చేది ఏదైనా. అవ్వా కావాలి, బువ్వా కావాలి అనే సామెత మన ఇళ్లలో సామెతలాగా కాకుండా ఉన్నది ఉన్నట్టే జరుగుతుంది. మా చిన్నోడికి అమ్మ పెడితే ఒక ముద్ద, అవ్వ పెడితే ఏడు ముద్దలు.

మా పక్కిల్లు తమిళం వాళ్లది. వాళ్ల ఇంట్లో బిడ్డకు 'మమ్మం' పెడతారు, ఒక్కోసారి 'పువ్వా' అని కూడా అంటారు. కన్నడం ఇళ్లలో 'మమ్ము'. మా ఇంట్లో మమ్మం లేదు. కానీ మావాడికి పక్కింట్లో ఏమి దొరుకుతుందో బాగా తెలుసు. ఇంట్లో బువ్వ తిని, మూతి తుడుచుకుని, గోడ దాటి పోయి మమ్మం అడుగుతాడు. అడిగితే, "అది బువ్వ, ఇది మమ్మం" అంటాడు. వాడి లెక్కలో ఆ రెండూ వేరే వేరే తిండ్లు. ఒకటి తిన్నాక రెండోది తినడం తప్పెట్లా అవుతుంది?

అన్నం పెట్టేటప్పుడు చందమామను చూపించడం మనవాళ్లందరికీ తెలిసిందే. మన చుట్టుపక్కల భాషల్లోనూ చంద్రుడు మేనమామే. తమిళంలో అంబులిమామ, కన్నడంలో చందమామ, ఒడియాలో జహ్నమాము. 1947 జూలైలో చెన్నపట్నంలో చందమామ పత్రిక మొదలైనప్పుడు తెలుగుతోపాటు తమిళంలోనూ వచ్చింది, తమిళంలో దాని పేరు అంబులిమామ. తర్వాత కన్నడంలో చందమామగా, మరాఠీలో చాందోబాగా, ఒడియాలో జహ్నమాముగా వచ్చింది. పేరు కోసం ఎవరూ పెద్దగా వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ప్రతి భాషలోనూ అన్నం పెట్టే అమ్మల నోట్లో పేరు సిద్ధంగా ఉంది.

బడి తమిళంలో మాత్రం చంద్రుడు 'నిలా'. మొన్న మిద్దె మీద తమ్ముడికి అక్క పాఠం చెప్తా ఉంది. వాడు అంగన్‌వాడిలో కొత్తగా నేర్చుకున్న మాటతో, "అక్కా, నిలా" అన్నాడు. అది గట్టిగా చెప్పింది: "అది నిలా కాదు, చందమామ. నిలా బడిలో ఉంటాది." మేము నవ్వాం గాని, రెండు భాషల ఇంట్లో పెరిగే బిడ్డ మనసు ఎట్లా పనిచేస్తుందో అంతకన్నా చక్కగా నేను చెప్పలేను. ఒక వస్తువుకు రెండు పేర్లని కాదు, ఒక్కో చోటికి ఒక్కో చంద్రుడు.

బూచి ఏ ఊరిది?

భయపెట్టే మాటలు కూడా సరిహద్దులు దాటుతుంటాయి. మనది బూచి, లేదా బూచోడు. తమిళంలో పూచ్చాండి. కన్నడంలో గుమ్మ. మరాఠీలో బాగుల్‌బువా. వీళ్లందరికీ పని ఒక్కటే, నిద్రపోని బిడ్డను చీకట్లో నుంచి చూస్తా ఉండడం.

మా చిన్నోడికి ముగ్గురు తెలుసు. వాడే పంచిపెట్టుకున్నాడు: బూచి మన ఇంటిది, పూచ్చాండి అంగన్‌వాడిది, గుమ్మ బెంగుళూరులో మా అక్క ఇంటిది. మా అక్క వచ్చినప్పుడు వాడు పండుకోకుండా అల్లరి చేస్తుంటే, "గుమ్మ వస్తుంది చూడు" అనింది. వాడు ఏమాత్రం బెదరకుండా, "రాదు అత్తా, గుమ్మకు బస్సు లేదు" అన్నాడు. బూచి పేరెత్తితే మాత్రం ఇప్పటికీ దుప్పట్లో దూరుతాడు. ఇంటి భాషలో భయపెట్టినంతగా ఇంకో భాషలో భయపెట్టలేం అని మా అమ్మ తీర్మానం.

షోలాపూర్ వాళ్లను ఒకటి అడగాలని ఉంది. అక్కడి పద్మశాలి కుటుంబాలు తెలంగాణ నుంచి నేతపనికి పోయి స్థిరపడినవి. మరాఠీలో 'బువా' అంటే పెద్దమనిషి, సాధువు అనే అర్థంలో వాడే గౌరవపు మాట. ఇంట్లో బువ్వ, వీధిలో బాగుల్‌బువా. అన్నం వస్తుందని నోరు తెరిచిన బిడ్డకు బూచోడు కనపడ్డ సందర్భాలు ఉన్నాయా?

ఉయ్యాల మాటలు

నిద్రపుచ్చే మాటల్లో తేడాలు తక్కువ, పోలికలు ఎక్కువ. తెలంగాణలో 'తొట్టెల' అనేదాన్ని తమిళంలో 'తొట్టిల్', కన్నడంలో 'తొట్టిలు' అంటారు. మూడూ ఒక్క మాటే. పాత చీరను దూలానికి కట్టి చేసే ఉయ్యాలను తమిళంలో 'తూళి' అంటారు. మా ఇంట్లో చీర ఉయ్యాల అనే అంటాం. పాటలో మనం జోజో అంటాం, కన్నడం వాళ్లూ జోజో అంటారు, తమిళం వాళ్లు ఆరారో అంటారు. హోసూరు వైపు ఏ ఇంట్లో నుంచి జోజో వినిపించినా అది తెలుగిల్లా కన్నడిల్లా అని వెంటనే చెప్పలేం. ఆరారో వినిపిస్తే మాత్రం తమిళమే.

మా పెద్దది తమ్ముడిని పండుకోబెడతానని పోయిన వారం జోజో మొదలుపెట్టింది. పది నిమిషాల తర్వాత పోయి చూస్తే మా అమ్మ గుర్రుపెట్టి నిద్రపోతా ఉంది, తమ్ముడు లేచి కూర్చుని అవ్వను జోకొడతా ఉండాడు.

రెండు భాషల నడుమ పకపకలు

తెలుగు, తమిళం ఒకే ఇంటి పిల్లలు. అందుకని ఒకే ధ్వనికి రెండు అర్థాలు తగిలే సందర్భాలు ఇళ్లలో రోజూ వస్తాయి. వాటిలో నాలుగు చెప్తాను.

పసి. తెలుగులో పసి అంటే లేత. పచ్చి, పచ్చన అనే మాటలకు దగ్గరి చుట్టం. తమిళంలో 'పసి' అంటే ఆకలి. మావాడు ఒకరోజు కిందపడి ఏడుస్తుంటే మా అమ్మ ఎత్తుకుని, "పాపం, పసిబిడ్డ" అనింది. తమిళంలో పాపాన్ని 'పావం' అంటారు, అర్థం అదే. గోడ అవతల పక్కింటామెకు పావం, పసి అనే రెండు మాటలే చెవిన పడ్డాయి. గిన్నెలో రెండు ఇడ్లీలు పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఏడుపు ఆగింది. ఆ రోజు నుంచి మావాడికి ఇడ్లీ కావాలంటే గోడ దగ్గర నిలబడి, "నేను పసిబిడ్డ" అంటాడు.

గుడి. తమిళంలో 'కుడి' అంటే తాగు. మా అమ్మ శనివారం సాయంత్రం, "గుడికి పోదాం రండి" అంటే, మావాడితో ఆడుకుంటున్న పక్కింటి నాలుగేళ్ల బిడ్డడు, "నాన్ కుడిక్క మాట్టేన్" అని లేచి పరుగెత్తాడు. నేను తాగను అని. కషాయమో మందో పోస్తారనుకున్నాడు. ఇందులో చరిత్ర ఉంది. తమిళంలో సొంత మాటల మొదట్లో క ఉన్నచోట తెలుగులో చాలాసార్లు గ ఉంటుంది. మన గుడి, తమిళంలో ఇల్లు అనే అర్థమున్న పాత మాట 'కుడి', రెండూ ఒక్కటే. తాగడం అనే అర్థమున్న ఇంకో 'కుడి' కూడా మనకు ఉంది. పాలు కుడవడం అనే పాత మాట, పశువులకు పెట్టే కుడితి, రెండూ దాని బంధువులే. ఆ సంగతి తెలిసినాక మా పెద్దది ఆవుకు కుడితి పెట్టేటప్పుడల్లా, "ఆవు తమిళంలో తాగతా ఉండాది" అంటుంది.

పన్ను. తమిళంలో 'పణ్ణు' అంటే చెయ్యి. ఇంగ్లీషు మాట పక్కన దాన్ని చేర్చి ఫోన్ పణ్ణు, బ్రష్ పణ్ణు అంటారు. పొద్దున పక్కింటామె కొడుకును, "బ్రష్ పణ్ణు" అని కేకేస్తుంటే మా పెద్దది నా దగ్గరికొచ్చి చెప్పింది: "నాయనా, వాళ్లు కూడా పన్ను అనే అంటారు." పళ్లు తోముకునే చోట అర్థం ఎంత బాగా కుదిరిందో చూడండి. ఫోన్ పణ్ణు అన్నప్పుడు మాత్రం ఫోనుకు పళ్లెక్కడివని అడిగింది.

ఇల్లు. తమిళంలో 'ఇల్ల' అంటే లేదు. వాకిట్లో పార్సెల్ తెచ్చినాయన నాయన ఉన్నాడా అని తమిళంలో అడిగితే, మావాడి జవాబు: "ఇంట్లో ఇల్ల." సగం తెలుగు, సగం తమిళం, అబద్ధం మాత్రం పూర్తిగా. నేను లోపలే ఉన్నాను.

కారు, కాలు, యాల

ఒక్క భాషలోనే జరిగే ముచ్చట్లూ ఉన్నాయి. పిల్లల నోట్లో ర ఆలస్యంగా పలుకుతుంది, అంతదాకా ల తోనే గడుపుతారు. మావాడు ఒకసారి గట్టిగా ఏడుస్తా, "నా కాలు విరిగిపోయింది" అని లోపలికొచ్చాడు. నేను ఎత్తుకుని మోకాలు, మడమ, వేళ్లు అన్నీ తడిమి చూస్తుంటే చేతిలోది చూపించాడు. రెండు చక్రాలు ఊడిపోయిన బొమ్మ కారు.

పిల్లలు మనకు కాపాడిపెట్టే పాత మాటలు ఉన్నాయి. 'ఎందుకు' అనేదానికి మా వైపు 'యాల' అంటాం. రాసే తెలుగులో 'ఏల'. తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడు అది పద్యాల్లో, పాత పాటల్లో వినబడే మాట. మా ఇంట్లో మూడేళ్ల బిడ్డ రోజుకు వందసార్లు అనే మాట. రాత్రి యాల నల్లగా ఉండాది? చీమకు యాల చెప్పుల్లేవు? కాకి బడికి యాల పోదు? ఆఖరి దానికి మా అమ్మ, "కాకికి యూనిఫారం ఉండాది నాయనా, బడే లేదు" అని జవాబిచ్చింది.

పోయిన ఏడాది ఒక పండక్కి దూరపు చుట్టాలతో వీడియో కాల్ మాట్లాడుతుంటే మా పెద్దది యాల అనింది. అవతల వాళ్ల పిల్లలు పకపకా నవ్వారు. పెద్దవాళ్లలో ఒకరు, "అదేం తెలుగమ్మా, పాత సినిమాలోదా?" అన్నారు. చెడ్డ మనసుతో అన్నది కాదు. కానీ మూడు రోజులు అది యాల అనలేదు, 'వై' అనింది. ఆ మూడు రోజులు నాకు బాగా గుర్తుండిపోయాయి. మన పిల్లల తెలుగుకు బడి నుంచి, వీధి నుంచి వచ్చే ఒత్తిడి గురించి మనం తరచూ మాట్లాడుకుంటాం. ఇంకో తెలుగువాళ్ల నవ్వు కూడా అంత పనీ చేస్తుంది. నేను దానికి చెప్పింది ఒక్కటే: వాళ్లు బడిలో పద్యాలు బట్టీపట్టి నేర్చుకునే మాట నీకు పుట్టుకతో వచ్చింది. అది ఎంత అర్థం చేసుకుందో తెలీదు. నాలుగో రోజు అవ్వ జామకాయ దాచిపెడితే, "యాల దాచినావు?" అని నిలదీసింది. అవసరం వస్తే మాట తనంతట తానే బయటికొస్తుంది.

బిడ్డల వ్యాకరణం

బడికి పోయే పిల్లలు రెండు భాషలు కలిపేస్తున్నారని బాధపడేవాళ్లు ఒకసారి ఆ కలపడం ఎట్లా ఉందో చూడాలి. మా పెద్దది గోడ మీద బొమ్మ గీస్తా అన్న మాట: "నేను యానై వరయతా ఉండా." యానై అంటే తమిళంలో ఏనుగు. 'వరయ' అనేది తమిళంలో గీయడం. ఆ తర్వాత వచ్చిన 'తా ఉండా' మాత్రం నూటికి నూరుపాళ్లు మన ఊరి తెలుగు. మాటలు బయటినుంచి తెచ్చుకుంది, వాక్యాన్ని కట్టిన తాడు మాత్రం ఇంటిదే. మన పెద్దలు చేసింది కూడా ఇదే. మనం ఇప్పుడు సొంతమనుకునే మాటలు ఎన్నో ఒకప్పుడు ఇట్లాగే వచ్చి చేరాయి. 'గమ్మునుండు' అని బిడ్డను కసురుకునేటప్పుడు అది ఏ భాషదని ఎవరైనా ఆలోచిస్తారా? మా వైపు తమిళం వాళ్లూ గమ్మునే అంటారు.

వాక్యం చివరి క్రియ తెలుగులో ఉన్నంతవరకు నేను బెంగపడను. అది కూడా 'వరయిరేన్' అయిన రోజు ఆలోచించాలి.

ఐదేళ్ల గడప

అసలు సంగతి ఇక్కడ ఉంది. ఏ భాషలోనైనా బిడ్డ పెరిగేకొద్దీ పసిమాటలు రాలిపోతాయి. రాలిపోవాలి కూడా. తెలుగు రాష్ట్రాల్లో బువ్వ పోతే దాని చోట్లోకి అన్నం వస్తుంది. లాల పోతే స్నానం వస్తుంది, లేదా నీళ్లు పోసుకోవడం వస్తుంది. జేజి పోతే దేవుడు వస్తాడు. బొజ్జ పోతే కడుపు.

మన ఇళ్లలో అట్లా జరగడం లేదు. నేను మా ఇంట్లో, మా వీధిలోని ఇళ్లలో గమనించింది ఇది: బువ్వ పోయి సాదం గానీ రైస్ గానీ వస్తోంది. లాల పోయి బాత్ వస్తోంది. జేజి పోయి సామి వస్తోంది. చందమామ పోయి నిలా, మూన్. పసిమాట తెలుగు, పెద్దమాట ఇంకో భాష. మధ్యలో ఉండాల్సిన మెట్టు బిడ్డకు వినపడనే లేదు.

ఇది ఎక్కడికి దారితీస్తుందో తెలియాలంటే తెలుగు ఇప్పటికే పోయిన ఇళ్లను చూడాలి. నాకు తెలిసిన ఒక కుటుంబంలో డెబ్బై ఏళ్ల పెద్దాయనకు తెలుగులో వచ్చిన మాటలు ఎనిమిదో పదో. బువ్వ, అవ్వ, జోజో, బూచి, ఇంకా కొన్ని. వాళ్ల అమ్మ ఆయనతో చిన్నప్పుడు తెలుగు మాట్లాడింది, ఆయన బడికి పోయినాక ఆపేసింది. అంటే ఆయన తెలుగు నాలుగేళ్ల వయసులోనే నిలిచిపోయింది. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆ మనిషి ముఖం వెలిగిపోతుంది. కానీ వాటితో ఒక వాక్యం చెప్పలేడు.

బడి విషయం తెలిసిందే. 2006లో తమిళనాడు చేసిన చట్టం ప్రకారం తమిళం 1వ తరగతి నుంచి తప్పనిసరి పాఠ్యాంశమైంది. ఏడాదికో తరగతి చొప్పున పెరుగుతూ 2015–16కి 10వ తరగతిని చేరింది. తమిళం మా పిల్లలకు కావాల్సిన భాషే, వాళ్లకు అది పరాయిది కాదు. నేను చెప్పేది బడి మీద ఫిర్యాదు కాదు. బడి చేయని పనిని ఇల్లు ఆ నాలుగో ఏడు, ఐదో ఏడులో చేయాలి. అంతకుముందు కన్నా ఆ రెండేళ్లలో తెలుగు ఎక్కువ కావాలి. మనం సరిగ్గా అప్పుడే తగ్గిస్తున్నాం.

దీనికి మా అమ్మకు తెలిసిన ఉపాయం చాలా సులువైనది. పిల్లలకు పెద్దవాళ్లు కావాలని మహా తొందర. మా పెద్దదానికి నాలుగేళ్లు నిండినప్పుడు, "బువ్వ తమ్ముడిది, నువ్వు పెద్దదానివైనావు, నీకు సంగటి" అని కంచం వేరుగా పెట్టింది. "లాల చిన్నోడిది, నువ్వు నీళ్లు పోసుకో." అంతే, ఆ మాటలు హోదాలాగా పట్టుకుంది. ఇప్పుడు తమ్ముడు సంగటి అంటే ఊరుకోదు, "నీది బువ్వ" అని సరిదిద్దుతుంది. వాడు రోజూ, నాకు నాలుగేళ్లు ఎప్పుడు వస్తాయని అడుగుతా ఉండాడు. సంగటి కోసం.

రాసిపెట్టుకోవడం ఎట్లా

కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టి, తమిళంలో రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. తెలుగువాళ్లు దక్షిణానికి వలస వచ్చిన కథను నవలగా రాయడమే కాక, ఆ కరిసల్ నేల వాడుక మాటలకు తమిళంలో ఒక నిఘంటువు కూడా చేశారు. ఇంటి మాటలను రాసిపెట్టడానికి పండితులే కానక్కర్లేదని, లిపి ఏదైనా పని జరుగుతుందని ఆయన్ను చూసి నేర్చుకోవచ్చు.

మనం చేయగలిగింది చిన్న పని. ఒక నోటుపుస్తకం వంటింట్లో పెట్టండి. తెలుగు లిపి రాకపోతే తమిళంలోనో కన్నడంలోనో మరాఠీలోనో రాయండి. ఒక్కో మాటకు నాలుగు సంగతులు చాలు: మాట ఏమిటి, ఎవరు ఎవరితో అన్నారు, బిడ్డ వయసు ఎంత, ఆ మాట పోయినాక దాని చోట్లోకి ఏ మాట వచ్చింది. నాలుగోది మరిచిపోవద్దు, మన కథంతా అందులోనే ఉంది. 'బువ్వ' అని ఒక్కటే రాస్తే అది నిఘంటువుల్లో ఉన్నదే. 'బువ్వ, నాలుగేళ్ల దాకా, తర్వాత సాదం' అని రాస్తే అది మీ ఇంటి చరిత్ర.

ఫోనులో గొంతు రికార్డు చేసేవాళ్లు బిడ్డను, "ఏదీ, ఆ మాట అను" అని అడగొద్దు. అడిగితే ఏ బిడ్డా అనదు. అన్నం పెట్టేటప్పుడు ఫోను గూట్లో పెట్టి మరిచిపోండి. యాస సరిదిద్దొద్దు. ఉండాదిని ఉంది అనీ, యాలను ఎందుకు అనీ మార్చి రాయొద్దు.

ఈ నెల నాకు కావాల్సింది మూడు మాటలు. మీ ఇంట్లో బిడ్డకు అన్నాన్ని ఏమంటారు, బూచిని ఏమంటారు, పండుకోమని ఏమంటారు. బరంపురం వాళ్లు, షోలాపూర్, భివండీ వాళ్లు, రాజపాళయం వాళ్లు తప్పకుండా చెప్పండి. ఇంట్లో ఐదేళ్లు దాటిన బిడ్డ ఉంటే, ఆ మూడింటి చోట్లో ఇప్పుడు ఏ మాట ఉందో దాన్నీ పక్కన రాయండి. అది తెలుగు కాకపోయినా ఉన్నది ఉన్నట్టే రాయండి.